గడ్డి దూడ

పోయిన ఉగాదికి మా అమ్మాయి యూనివర్సిటీ నుంచి ఇంటికి వచ్చింది. ఉగాది పచ్చడి తింది, పులిహోర రెండుసార్లు వడ్డించుకుంది, బొబ్బట్టు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నెయ్యి వేశావా అమ్మా?"

"నెయ్యి లేని బొబ్బట్టు ఎక్కడైనా ఉంటుందిటే?"

"అయితే నాకొద్దు. నేను వీగన్‌ని."

పెరుగూ వద్దంది. పెరుగన్నం లేకుండా భోజనం ఎలా పూర్తవుతుందో మావారికి అంతుపట్టలేదు.

వీగన్ అన్న మాట ఇంగ్లండులో ఉంటున్న మనకు కొత్త కాదు. 1944లో డొనాల్డ్ వాట్సన్ అనే ఆయన కొద్దిమందితో కలిసి ఇక్కడే వీగన్ సొసైటీ పెట్టారు. కానీ తరతరాలుగా శాకాహారులమైన మనకు వీళ్ళు నేర్పేదేమిటని నాకు కాస్త గర్వం ఉండేది. "పాలు తాగితే ఏ ప్రాణికి హాని?" అన్నాను.

అమ్మాయి కోప్పడలేదు. తను చూసివచ్చిన డెయిరీ ఫారం గురించి చెప్పింది. ఈనితేనే కదా ఆవు పాలిచ్చేది. ఈనిన ఒకటి రెండు రోజుల్లోనే దూడను వేరు చేస్తారట. కోడెదూడ పాలివ్వదు కాబట్టి దాని దారి మాంసానికే.

"అది ఇక్కడి సంగతి. మన ఊళ్ళో గొడ్డును ఇంట్లో మనిషిలా చూసుకుంటాం" అన్నాను. అంటూండగానే నాకు గడ్డి దూడ గుర్తుకొచ్చింది.

తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊరు. ఆవిడ గేదెకు కుడితి పెట్టకుండా తను అన్నం తినేది కాదు. ఒక ఏడు ఆ గేదె దున్నదూడను ఈనింది. మేమంతా జున్ను తిన్నాం. పది రోజులకు దూడ చచ్చిపోయింది. గేదె చేపడం మానేసింది, రాత్రంతా అరిచింది. అమ్మమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మర్నాడు పాలేరు దూడ తోలు ఒలిపించి, ఎండుగడ్డి కూరి, కుట్టి, ఉప్పునీళ్ళు చల్లి గేదె ముందు నిలబెట్టాడు. గేదె దాన్ని నాకుతూ చేపింది. అమ్మమ్మ చెంబు పట్టుకుని కూర్చుంది.

ఆ దూడ ఎందుకు చచ్చిపోయిందో అప్పుడు నేనడగలేదు. పెయ్యదూడ అయితే దానికని ఒక చన్ను వదిలేవారు. దున్నదూడను మాత్రం గేదె చేపగానే లాగి రాటకు కట్టేసేవారు. ఎవరూ దాన్ని కొట్టలేదు, తిట్టలేదు. పాలు పెట్టలేదు, అంతే. ఒట్టిపోయిన గేదెలు సంతకు పోయేవి. సంత నుంచి ఎక్కడికో ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు. ఆ పాల డబ్బుతోనే నా కాలేజీ ఫీజులు కట్టారు. ఈ దేశం రాగలిగానంటే ఆ చదువు వల్లనే.

ఇదంతా అమ్మాయికి చెప్పాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

"నిజంగా ఏడ్చిందా అమ్మమ్మ?" అని అడిగింది.

"ఏడ్చింది."

"ఏడ్చి, మళ్ళీ పాలు పితికిందా?"

"పితికింది. ఇంట్లో ఆరుగురు పిల్లలం."

అది ఇంకేమీ అనలేదు. నా పక్కనే కూర్చుని గిన్నెలు తుడిచింది.

నేను పెరుగు మానలేదు. అరవై ఏళ్ళ నాలుక! కానీ ఆఫీసులో ఎవరైనా అడిగితే "మేం ఏ జీవికీ హాని చెయ్యం" అని చెప్పడం మానేశాను.

మన సంఘం వంటల కమిటీ వారికి ఒక మనవి. చింతపండు, బెల్లం, వేపపువ్వు, మామిడికాయ ముక్కలు, ఉప్పు, కారం వేసి చేసే ఉగాది పచ్చడిలో పాలచుక్క లేదు. పులిహోరలో లేదు, గోంగూరలో లేదు. నెయ్యి పడిన వంటకాల దగ్గర ఒక చీటీ పెడితే మా అమ్మాయిలాంటి పిల్లలు వంటింట్లోకి వచ్చి అడగక్కర్లేదు.

ఈ ఏడు దాని వాటా బొబ్బట్లు నువ్వుల నూనెతో కాల్చాను. సోయాపాలలో పచ్చిమిరపకాయ తొడిమలు వేసి తోడు పెట్టాను. మొదటిసారి విరిగిపోయింది, రెండోసారి తోడుకుంది. మావారు రుచి చూసి ఇది పెరుగు కాదని తేల్చేశారు. అమ్మాయి మాత్రం ఆవకాయ నంజుకుని గిన్నె ఖాళీ చేసింది.