ఒంటి విస్తరి

ఉద్యోగరీత్యా అరకులోయలో ఏకాకిగా ఉంటున్న నాకు ఉదయపు వంట నిత్యపరీక్ష. ఒక్కరి కోసం పొయ్యి వెలిగించడమెందుకని బద్ధకం వాదిస్తుంది. ఖాళీ కడుపుతో పాఠం చెప్పేవాని గొంతు పదకొండింటికే నీరసిస్తుంది కదా!

సంతలో కొన్న నాటుకోడి గుడ్లు రెండు, టమాటాలు రెండు చాలు. చెంచాడు నూనెలో జీలకర్ర, ఉల్లి, పాడేరు పసుపు వేసి, టమాటా మగ్గి నీరు ఇగిరిన తరువాతనే గుడ్లు కొట్టి పోయాలి. సన్నని సెగ, పైన మూత. సుమారు 12 గ్రాముల మాంసకృత్తులు సిద్ధం.

కారానికి మాత్రం మిరపకాయ వాడను. కాఫీ తోటలలో సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకొన్న తీగల మిరియాలే వాడుతాను. మిరప, టమాటా రెండూ అమెరికా ఖండాల నుండి వచ్చినవి. 15వ శతాబ్దపు శ్రీనాథుడు వాటిని ఎరుగడు. నా వంటలో ఆ మహాకవి గుర్తుపట్టగల ఘాటు మిరియాలదే.

తినేది ఒక్కడినే అయినా, గిరిజన స్త్రీలు కుట్టిన అడ్డాకు విస్తరి పరచుకొని, కూర్చొనే తింటాను.