పగడాలకు సున్నపు తేట

పగడం పుట్టుకతోనే మేస్త్రీ. నీటిలో కరిగివున్న కాల్షియాన్నీ కార్బొనేటునూ గ్రహించి, సున్నపురాతి గూడు కట్టుకుంటుంది. సముద్రంలో దానికి ముడిసరుకు కొరత లేదు. కాని అమెరికాలో మా ఇంటి గాజుతొట్టెలో ఉన్నది 300 లీటర్ల ఉప్పునీరు మాత్రమే. అందులోని పగడాలు సముద్రం నుంచి తీసినవి కావు. తోటి పెంపకందారులు తమ తొట్లలో పెంచి పంచిన కొమ్మలు. వాటికి కావలసిన సున్నాన్ని రోజూ అందించే బాధ్యత నాది.

సముద్రజలంలో లీటరుకు సుమారు 410 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కార్బొనేటు నిల్వను తెలిపే క్షారత్వం సుమారు 7 జర్మన్ డిగ్రీలు. ఈ రెండూ జోడెడ్లవలె కలిసి నడుస్తాయి. లీటరుకు 20 మిల్లీగ్రాముల కాల్షియం తరిగేసరికి క్షారత్వం దాదాపు 2.8 డిగ్రీలు పడిపోతుంది. మొదటిది పెద్ద గాదె, 20 పోయినా తెలియదు. రెండవది చిన్న కుండ, అంతలోనే ఐదింట రెండు వంతులు ఖాళీ అవుతుంది. అందుకే నేను తరచుగా కొలిచేది క్షారత్వాన్నే.

ఈ లోటు తీర్చే ద్రావణాన్ని జర్మన్లు కాల్క్‌వాసర్ అంటారు. అది మన సున్నపు తేటే! రెండింటినీ కావలసిన పాళ్లలోనే అందించడం దాని సుగుణం. తాంబూలపు సున్నం పనికిరాదు, శుద్ధమైనది కావాలి. ఆవిరైన నీటికి బదులుగా, రాత్రివేళ, బొట్టుబొట్టుగా పడనిస్తాను. వెలుతురు లేనప్పుడు నీటిలో పెరిగే బొగ్గుపులుసు వాయువును అది సరిదిద్దుతుంది. ఒక్కసారిగా కుమ్మరిస్తే కాల్షియం తెల్లని పొడిగా పేరుకుపోయి పగడానికి దక్కదు.

చెల్లెలి పెళ్ళికి రాజమండ్రి వెళ్ళవలసి వచ్చినప్పుడు, తేటను మూత బిగించిన డబ్బాలో ఉంచి, ఆ పని పక్కింటి పెద్దాయనకు నేర్పాను. "చేపలకు మేత వేయమంటే అర్థముంది, రాళ్ళకు సున్నం పోయడమేమిటి?" అని ఆయన నవ్వారు. మూడు వారాల తరువాత తిరిగివచ్చేసరికి క్షారత్వం 8 వద్ద నిలకడగా ఉంది. కొమ్మల కొనలు కొత్తగా, తెల్లగా పెరిగాయి. వాటిని నాకంటే ముందు గమనించినవారు ఆయనే.

తొట్టెను చూసినప్పుడల్లా అసలు సముద్రం గుర్తుకు వస్తుంది. తూత్తుకుడి తీరాన ఒకప్పుడు పగడాలను తవ్వి సున్నానికి కాల్చేవారు. 2001 నుంచి మన దేశంలో రాతిపగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం అండగా ఉంది. అయినా మన పొగగొట్టాల బొగ్గుపులుసు వాయువు సముద్రంలో కరిగి, పగడం గూటికి కావలసిన కార్బొనేటును తగ్గిస్తోంది. మా తొట్టెకు గిన్నెడు తేట చాలు. సముద్రానికి పోయగల గిన్నె ఎవరి వద్దా లేదు. పొగ తగ్గించడమే మన చేతిలో ఉన్నది.