చేపల తొట్టి – నాయనమ్మ నిద్ర

మా జమ్మికుంట కాజీపేట–బల్లార్షా రైలు మార్గంలో ఉన్నది. రైలు చప్పుడుకు మేము అలవాటుపడ్డవారమే. రైలు వచ్చి పోతుంది. పడకగదిలోని చేపల తొట్టి మోత అలా కాదు, తెల్లవార్లూ ఆగదు. వృద్ధురాలైన మా అమ్మగారు కొన్ని రాత్రులు మంచంమీద కూర్చునే గడిపారు.

"రాత్రికి ఆపరాదా బిడ్డా" అని ఆమె. "చేపలు చచ్చిపోతయి నాయనమ్మా" అని మా పాప కన్నీళ్ళు.

పాప మాటలో నిజమున్నది. చీకటిలో నీటిమొక్కలు కూడా ప్రాణవాయువును పీల్చుకొంటాయి. ఎండాకాలపు వెచ్చని నీటిలో అది అసలే తక్కువగా కరుగుతుంది. అందుచేత పంపును ఆపక, మోతకు కారణం వెదకినాము.

గాలి పంపులోని అయస్కాంతం సెకనుకు 50 ఆవృత్తుల కరెంటుతో అదురుతుంది. ఆ అదురు చెక్కబల్లకు పాకి పెద్దదవుతుంది. పంపును దళసరి స్పాంజిపై, గోడకు తగలకుండా పెట్టినాము. నీటిమట్టంకంటె ఎత్తులో ఉంచినందున కరెంటు పోయినా నీరు గొట్టంగుండా పంపులోనికి రాదు. లోపల చిరిగిన రబ్బరు పొరను మార్పించినాము. ఫిల్టరు నీరు ఎత్తునుండి పడకుండా తొట్టిలో నీళ్ళు కొంచెం పెంచినాము. అమ్మగారికి నిద్ర పట్టింది, చేపలూ క్షేమమే.

పడకగదిలో ఎడతెగని శబ్దం 30 డెసిబెల్స్ దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. అంటే గుసగుసంత మాత్రమే.

ఇంట్లో ఇద్దరి అవసరాలు ఎదురుపడినప్పుడు ఒకరిని ఊరుకోబెట్టుట సులువు. కాని మోత ఎక్కడ పుడుతున్నదో ఓపికగా వెదకితే, ఇద్దరికీ చోటు దొరుకుతుంది.