గోదాం కొట్టు కాగితం మీద నా సంతకం ఎందుకు ఆలస్యమైంది

ఈసారి పోస్టు కొంచెం పొడుగున్నది. పశువులకు నీళ్లు పెట్టి వచ్చి తీరికగా చదవండి.

దసరా పోయినంక మా ఊరి పిల్లలు ఒక కాగితం పట్టుకొని ఇంటింటికి తిరిగిండ్రు. వికారాబాద్, తాండూరు మధ్యల ఎక్కడన్నా ఒక పెద్ద గోదాం కొట్టు రావాలని, సామాను హోల్‌సేల్ ధరకు దొరకాలని, దానికి అందరం సంతకాలు పెట్టి పెద్దలకు ఇయ్యాలని. మంచి పనే. "పెద్దనాయినా, నువ్వు మొదట పెట్టు, నీ ఎనక అందరు పెడుతరు" అన్నరు. "రెండు రోజులు ఆగుండ్రి" అన్న. ఆ రెండు రోజులు పదిహేను రోజులైనయి. పిల్లలు నా మీద గుస్స అయిండ్రు. "ఈయనకు కొత్తది ఏది వచ్చినా గిట్టది" అని కూడా అన్నరట. అందుకే ఇది రాస్తున్న.

ముందుగాల ఈ ఆలోచన ఎక్కడికెల్లి వచ్చిందో చెప్పాలె. మా ఊరి బిడ్డ ఒకామె అమెరికాల డల్లాస్‌ల ఉంటది. కాస్ట్‌కో అనే కొట్టుకు పోయినప్పుడల్లా వీడియో తీసి పంపుతది. మన గంజ్‌ల పెద్ద షెడ్డు ఉంటది చూడండి, దానికి పదింతలు. పైకప్పు దాక ఇనుప అరలు, అరల మీద పెట్టెలకు పెట్టెలు. ఒక్క సబ్బు, ఒక్క కిలో అని అడుగుతే దొరకదు, తీసుకుంటే కట్టకు కట్టే. లోపలికి పోవాలంటే కార్డు ఉండాలె. ఆ కార్డుకు ఏడాదికి 65 డాలర్లు, అంటే మన పైసలల్ల ఐదువేల పైమాటే.

సామాను కొనడానికి ఎదురు పైసలు కట్టాల్నా అని నేను నవ్విన. తర్వాత ఆమెనే అర్థం చేయించింది. మామూలు పెద్ద కొట్లల్ల ముప్పై వేల రకాలు ఉంటయట. అక్కడ నాలుగు వేల రకాలే పెడుతరు. రకాలు తక్కువ కాబట్టి ఒక్కో రకం కుప్పలు కుప్పలుగ కొంటరు, కంపెనీ దగ్గర ధర విరుస్తరు. సామాను మీద లాభం పల్చగ పెట్టుకుంటరు. వాళ్లకు మిగిలేదాంట్ల ఎక్కువ భాగం ఈ కార్డుల పైసలే. అంటే లక్షలమంది ఇండ్లోళ్లు ఒక్క సంచి పట్టుకొని పోయి బేరం ఆడినట్టు. 1983ల సియాటిల్ అనే ఊర్ల మొదలైన కంపెనీ ఇది. అది లేని ఊర్లోళ్లు మా దగ్గర కూడా పెట్టుండ్రి అని అడుగుతరట.

ఈ కంపెనీ హైదరాబాదుల ఆఫీసు పెడుతదని 2025ల పేపర్లు రాసినయి. అది చూసి మన పిల్లలు కొట్టు కూడా వస్తదనుకున్నరు. తమ్మీ, ఆఫీసు వేరు, కొట్టు వేరు. ఆఫీసుల కంప్యూటర్ పని జరుగుతది, బియ్యం బస్తా దొరకదు.

కొట్టు ఎందుకు రాదంటే మన దేశంల ఒక కాయిదా ఉన్నది. బయటిదేశం కంపెనీ హోల్‌సేల్ అమ్ముకోవాలంటే నూటికి నూరు పాళ్లు పెట్టుబడి పెట్టుకోవచ్చు. కానీ ఇండ్లోళ్లకు, అంటే మీకు నాకు, అన్ని రకాల సామాను చిల్లరగ అమ్మాలంటే 2012 కాయిదా వేరు. 51 శాతం దాకనే వాటా, పట్నం జనాభా 10 లక్షలు దాటాలె, రాష్ట్రం ఒప్పుకోవాలె, కొనే సరుకుల 30 శాతం ఇక్కడి చిన్న పరిశ్రమల దగ్గర కొనాలె. తాండూరు, వికారాబాద్ రెండూ కలిపినా ఆ లెక్కకు అందయి. అందుకే మెట్రో 2003ల బెంగళూరుకు వచ్చినప్పుడు దుకాణందారులకే కార్డు ఇచ్చింది. వాల్‌మార్ట్ వాళ్ల బెస్ట్ ప్రైస్ హైదరాబాదుల, విజయవాడల, గుంటూరుల పెట్టినప్పుడూ అంతే. తర్వాత బెస్ట్ ప్రైస్ ఫ్లిప్‌కార్ట్ కిందికి పోయింది, మెట్రోను రిలయన్స్ 2,850 కోట్లకు కొన్నది. ఇక డీమార్ట్ మన దేశం కంపెనీనే, దానికి ఈ కాయిదా అడ్డం లేదు, కార్డు కూడా అక్కర లేదు. ఇసొంటి దేశీ కంపెనీలు ఏదో ఒకరోజు చిన్న పట్నాలకు కూడా వస్తయి. మనం కాగితం రాసినా వస్తయి, రాయకున్నా వస్తయి. వచ్చినప్పుడు మనం ఎట్ల ఉంటమనేదే నా రంది.

ఇప్పుడు నా సంగతి. మా బామ్మర్దికి వికారాబాద్‌ల చిన్న కిరాణం ఉన్నది. 2025 ఉగాది ముందర హైదరాబాదుల ఒక హోల్‌సేల్ కొట్టుకు పోతుంటే "బావా, నువ్వు కూడా రా" అన్నడు. పేరు ఎందుకులే. ఆయన కార్డు మీద ఆయనెంబడి నేను లోపలికి పోయిన. అబద్ధం చెప్పను, మస్తు సంబురమైంది. నూనె, చక్కెర, సబ్బులు, చాయ్‌పత్త, ఏడాది పండుగలకు సరిపోను బెల్లం. బిల్లు 6,300 అయింది. మా ఊర్ల గదే సామాను 7,050 దాక అయితది. ఏడువందల యాభై మిగిలినయి. నాలుగెకరాల రైతుకు అది చిన్న పైస కాదు.

తిరుక్కుంట తిరుక్కుంట పప్పుల అర దగ్గరికి వచ్చిన. కందిపప్పు కిలో ప్యాకెట్ మీద 158 రూపాయలు. తిప్పి చూసిన. కంపెనీ పేరున్నది, ప్యాక్ చేసిన ఊరున్నది, పండిన ఊరు పేరు లేదు. నేను అక్కడనే నిలబడ్డ. బామ్మర్ది "ఏమైంది బావా, నీళ్లు తాగుతవా" అన్నడు.

సంక్రాంతి పోయినంకనే నేను పదకొండు క్వింటాళ్ల కందులు అమ్మిన. క్వింటాలుకు 7,100. ఆ ఏడు మద్దతు ధర 7,550. సర్కారు కాంటా మా దిక్కు మొదలయ్యేదాక ఆగే ఓపిక నాకు లేకుండె, బ్యాంకు లోను రెన్యువల్ తారీఖు మీద పడ్డది. తక్‌పట్టి జేబుల పెట్టుకొని ఇంటికొచ్చిన.

లెక్క మీరు కూడా చేయండి. క్వింటాలు కందులు మిల్లుకు పోతే డెబ్బై కిలోల పప్పు పక్కా వస్తది, మంచి మిల్లయితే ఇంకో రెండు మూడు కిలోలు. మిగిలింది పొట్టు, చున్ని, నూక. అది కూడా ఊరికే పోదు, పశువుల దాణాకు అమ్ముతరు. 7,100ను డెబ్బైతోని భాగిస్తే కిలో పప్పుకు నాకు వచ్చింది 101 రూపాయలు. ప్యాకెట్ మీద 158. నడుమ 57. ఇదంతా దోపిడి అని నేను అనను. మిల్లోడు, హమాలీ, లారీ, సంచి, వడ్డీ, అందరు బతకాలె. కానీ ఆరు నెలలు చేన్ల ఉండి, మరుకా పురుగుకు మూడుసార్లు మందు కొట్టి, ఎండుతెగులు వస్తదేమోనని నిద్ర లేక పండించినోనికి ఆ 57ల ఒక్క రూపాయి రాలే. పైకెల్లి, అదే పప్పును నేను కార్డు ఉన్నోని ఎంబడి పోయి "చవుక దొరికింది" అని కొనుక్కొని వస్తున్న.

కొనేటప్పుడు మనకు గోదాం కొట్టు కావాలె. అమ్మేటప్పుడు ఆ కొట్టు మనల్ని ఏ ధరకు అడుగుతదో ఆలోచించినమా? పెద్దగ కొనెటోడు ధర విరుస్తడు అన్న కదా. విరిచేది ఎవని దగ్గర? సబ్బు కంపెనీ దగ్గర విరిస్తే మంచిదే. మిల్లు దగ్గర విరిస్తే, మిల్లు అడ్తి దగ్గర విరుస్తది, అడ్తి మన దగ్గర విరుస్తడు. మన ఎనక ఇంకెవ్వడు లేడు.

ఇంకో మాట, మా ఊరి సేటు గురించి. 2020 అక్టోబర్ వానలు మీకు యాదికుండే ఉంటయి. హైదరాబాదును ముంచిన ఆ వారంలనే నా చేన్ల మోకాళ్ల లోతు నీళ్లు నిలబడ్డయి. ఎకరం కంది నిలువునా ఎండింది, మిగిలింది కూడా సగమే. ఆ ఏడు దసరా నుంచి మల్ల ఏడు పంట దాక సేటు ఉద్దెర ఇచ్చిండు. ఖాతాల 14,300 ఎక్కింది. ఒక్కనాడు గూడ నలుగుట్ల అడగలే. ఏ గోదాం కొట్టు అట్ల ఇస్తది? కార్డు గీకితేనే గేటు తెరుస్తది.

ఈ ముచ్చట మా ఇంటామెతోని అంటే ఆమె వేరే లెక్క చెప్పింది. "ఊరికే ఇయ్యలే. నూనె ప్యాకెట్ మీద ఎనిమిది రూపాయలు ఎక్కువ తీసుకుండు, చక్కెర మీద మూడు. ఏడాదికి కూడబెట్టు, వడ్డీ తేలుతది" అన్నది. జరసేపు ఆగి మల్ల ఆమెనే, "అయినా గింజ లేనప్పుడు ఇచ్చిండు" అన్నది. రెండూ నిజమే. ఉద్దెర కావాల్నంటే ధర ఎక్కువ, ధర తక్కువ కావాల్నంటే చేతిల నగదు. సంక్రాంతి నుంచి ఉగాది దాకనే మన చేతిల నగదు ఉంటది. మిగతా తొమ్మిది నెలలు?

దీన్ని కూడా పరీక్ష చేసి చూసిన. 2025 మిర్గం ముందర మా వాడకట్టుల పదకొండు ఇండ్లోళ్లం కూడి, ఒక్కటే లిస్టు రాసి, బామ్మర్ది దుకాణం పేరు మీద తెప్పించుకుందామనుకున్నం. మొత్తం 41,000 అయింది. లిస్టు రాసేటప్పుడు అందరు ఉన్నరు, పైసలు జమ చేసే రోజు నలుగురమే. తప్పు ఎవ్వరిది కాదు. విత్తనాలు తేవాలె, డీఏపీ బస్తా 1,350, రైతు భరోసా పైసలు అప్పటికి పడలే. నలుగురి సామానే వచ్చింది. తమాషా ఏందంటే, ట్రాలీ పోతుందని తెలిసి మా సేటు కూడా వచ్చి "నాకు రెండు పెట్టెలు సబ్బులు పట్టుకరా" అన్నడు.

గప్పుడు నాకు సమజైంది. గోదాం కొట్టు అంటే షెడ్డు కాదు, కూడి ఉండుడు. ఆ కూడుడు మన దగ్గర కొత్తదేం కాదు. భీమదేవరపల్లి మండలం ముల్కనూరుల రైతులు 1956లనే సహకార సంఘం పెట్టుకున్నరు. అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి మొదలుపెట్టిండు. అది అప్పు ఇస్తది, విత్తనం ఎరువు ఇస్తది, పంట కొంటది, మిల్లు ఆడిస్తది, అమ్ముతది. అంటే పైసలు లేని నెలల అప్పు, పంట వచ్చిన నెలల కొనుగోలు, రెండూ ఒక్క కప్పు కింద. మనకు తెగిపోయిన తాడు సరిగ్గ అదే. ఆ ఊరి ఆడోళ్లు 2002ల పాల డెయిరీ కూడా పెట్టుకున్నరు.

మన దగ్గర కూడా విత్తనం పడ్డది. యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ దరఖాస్తు పెడితే, 2022 డిసెంబర్‌ల తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన సున్నపురాయి నేలల మీద పండిన కందిపప్పు రుచి, ఉడుకుడు వేరే అని సర్కారే ఒప్పుకున్నట్టు. కానీ ఆ పేరు వాడుకోవాలంటే పండించే రైతు తన పేరు అధికారికంగా నమోదు చేయించుకోవాలె. మీలో ఎంతమంది చేయించుకున్నరు? నేనైతే ఈ పోస్టు రాసేదాక చేయించుకోలే. మంది మీద రాసే ముందు నా తప్పు నేను ఒప్పుకోవాలె కదా. సోమవారం పాస్‌బుక్కు, ఆధార్ పట్టుకొని యాలాల పోతున్న, ఏమేం కావాల్నో కనుక్కొని మల్ల రాస్త.

సంతకం సంగతికి వస్త. మొన్న ఆ పిల్లలను పిలిచి కాగితం మీద సంతకం పెట్టిన. పెట్టకుంటే నా మనుమరాలు నూనె ప్యాకెట్‌కు ఎనిమిది రూపాయలు ఎక్కువ పెట్టి కొనాలనా? అట్లేం లేదు, కొట్టు రానీయండి. కానీ సంతకం కింద పెన్నుతోని రెండు లైన్లు రాసిన. ఒకటి, ఆ కొట్టు కందిపప్పు మన రైతుల సంఘం దగ్గర, మద్దతు ధరకు తక్కువ గాకుండ కొన్న కందులదే అమ్మాలె. రెండు, ప్యాకెట్ మీద తాండూరు పేరు కనబడాలె. పిల్లలు చదివి, "పెద్దనాయినా, గిట్ల రాస్తే వాళ్లు వస్తరా?" అని అడిగిండ్రు. రాకపోవచ్చు. అడగకుంటే మాత్రం, వచ్చినా మనకు దక్కేది సబ్బు మీద మిగిలే రెండు రూపాయలే.

కాగితం ఇప్పుడు బస్‌స్టాండ్ దగ్గరి హోటల్‌ల ఉన్నది. సంతకం పెట్టెటోళ్లు నా రెండు లైన్లు కూడా చదివి పెట్టండి. నచ్చకుంటే కొట్టేసి మీది రాయండి, నేను ఏమనుకోను. నా కంది ఇప్పుడు పూత మీద ఉన్నది, 2025-26 మద్దతు ధర 8,000. సంక్రాంతికి గంజ్‌ల కలిసినప్పుడు తక్‌పట్టి చూపిస్త, కిలో పప్పుకు ఎంత పడ్డదో అందరం కూడి లెక్క చేద్దాం.