చక్రములకు నూనె

మా తమ్ముని కూతురు పండ్రెండేండ్లది. శాలిబండలోని మా యింటినుండి తెల్లవారుచుండగనే బయలుదేరి, పత్తర్‌గట్టి యంగళ్లు తెరవకమునుపు కాళ్లకు చక్రముల జోళ్లు తొడిగికొని పరుగులు తీసి వచ్చును. దీనినే స్కేటింగందురు. మంచుదేశములవారు వేసవిలో మంచు కరగిపోయినపుడు తమ స్కీబద్దలకు మారుగా చక్రములు గల బద్దలు కట్టుకొని బాటలమీద సాధన చేయుదురు. మనకు మంచే లేదు గనుక ఏడాది పొడుగునను చక్రములే గతి. ఇది వీధిపిల్లల యల్లరియని తలచువారికొక్క మాట: 2010 సంవత్సరమున గ్వాంగ్జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో హైదరాబాదీయులైన అనూప్ కుమార్ యామా గారు ఈ విద్యలోనే రెండు కాంస్యపతకములు గడించిరి.

గడచిన శ్రావణమున పిల్ల పడినది. మోచేయి గీరుకొనిపోయినది, అంతే. కాని యింట నాడే తీర్పు వెలువడెను. "అక్కా, ఆడపిల్లకు కాలో చెయ్యో ఇరిగితే రేపు ఎవరు చేసుకుంటరు? ఇగ చాలు" అనెను తమ్ముడు. నేను జోడును తిరుగవేసి చూచితిని. ఒక చక్రపు ఇరుసుకొననున్న నట్టు సగము వదులై యున్నది. మరియొక చక్రము వానబురదతో బిగిసి, త్రిప్పిన కరకరలాడుచున్నది. ఇందు ఆటది గాని ఆడుపుట్టుకది గాని దోషమేమున్నది? ఇంట పానా లేకపోలేదు. అది అన్న సైకిలు సామానుపెట్టెలో నుండును. దానిని ముట్టుకొమ్మని పిల్లతో నెవరును చెప్పలేదు.

ఆ యాదివారము పిల్లను పెరటిలో కూర్చుండబెట్టి ఎనిమిది చక్రములును దానిచేతనే యూడదీయించితిని. "గోరింట పెట్టిన చేతులకు గ్రీజా, వదినా?" అని మరదలు నొచ్చుకొన్నది. ఒక్కొక్క చక్రములో రెండేసి బేరింగులుండును: రూపాయిబిళ్లకన్న పెద్దవి కాని యుక్కు కడియములు, లోపల చిన్నగుండ్లు. వాని మూతరేకు తీసి, పొయ్యికి దూరముగా కిరసనాయిలులో కడిగి, తడి లేకుండ తుడిచి ఆరబెట్టవలెను. పిమ్మట రెండే చుక్కల నూనె. ఎక్కువైనచో దుమ్మును పిలిచి కూర్చుండబెట్టును; పాతబస్తీలో దుమ్మునకు పిలుపక్కరలేదు. మా యమ్మ కొబ్బరినూనె సీసా తెచ్చినది. వలదంటిని. 24 డిగ్రీలకు దిగువ నది గడ్డకట్టును. పుష్యమాసపు టుదయమున చక్రము కదలదు. వెంటనే యామె లోపలికిపోయి కుట్టుమిషను నూనెడబ్బా తెచ్చి, సన్నని ముక్కుతో సరిగా రెండు చుక్కలు వదలినది. నలువదియేండ్లుగా తన మిషనును మిస్త్రీ చేతికీయక తానే బాగుచేసికొనుచున్నది. ఆడువారికి యంత్రము తెలియదను మాట ఆ యింటనే యెట్లు పుట్టినదో!

నట్టు బిగించుట తేలికగా తోచును గాని అందే సూక్ష్మమున్నది. మిక్కిలి బిగించిన చక్రము తిరుగదు, వదలిన ఊడును. వ్రేలితో నూపిన ఇసుమంత కదలిక తెలియవలెను. పిల్ల నాలుగవ చక్రమునకే ఆ కొలత పట్టుకొన్నది. లోయంచు తరిగిన చక్రములను వెలుపలివానితో మార్చుట కూడ నేర్చినది.

తమ్ముడు ఔననలేదు, కాదనలేదు. ఇందిరా పార్కులోని స్కేటింగు రంగమునకు పంపుమనిన మాత్రము దూరమనుచున్నాడు. కొడుకు ట్యూషనునకు అంతకన్న దూరమే పోవుచున్నాడు. ఈ లెక్క నింకను తేల్చుకొనవలసియున్నది. పానా యిపుడు పిల్ల సంచిలో నున్నది. మొన్న సైకిలు వదులై అన్న వచ్చి యడుగగా, "సాయంత్రానికి తెచ్చియ్యాలె" అని చెప్పి యిచ్చినది.