గొట్టం తీసే ముందు గొంతును అడగాలి

మెడ ముందు భాగంలో చిన్న రంధ్రం చేసి, శ్వాసనాళంలోకి నేరుగా గొట్టం పెట్టడాన్ని ట్రెకియాస్టమీ అంటారు. మా నాన్నకి అది పెట్టాక ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న: ఎప్పుడు తీస్తారు? డాక్టర్లకి అంతకుముందే ఇంకో ప్రశ్న ఉంటుందని తర్వాత తెలిసింది. గొట్టానికి పైన, గొంతులో, గాలికి దారి ఉందా? చాలా రోజులు నోట్లోంచి వెంటిలేటర్ పైపు ఉన్నవాళ్లకి అక్కడ వాపు రావొచ్చు, నాళం సన్నబడిపోవచ్చు.

మళ్లీ కెమెరా లోపలికి దింపుతారేమోనని అమ్మ భయపడింది. కానీ మొదటి పరీక్షకి కెమెరా అక్కర్లేదు.

చాలా గొట్టాల చుట్టూ కఫ్ అనే చిన్న బెలూన్ ఉంటుంది. థెరపిస్టు మేడమ్ ముందు సక్షన్‌తో తెమడ తీసేసి, ఆ బెలూన్‌లో గాలి పూర్తిగా లాగేశారు. గ్లవ్ వేసుకున్న వేలితో గొట్టం మూతిని ఓ క్షణం మూసి, "అంకుల్, గాలి వదిలి 'ఆ' అనండి" అన్నారు. ముక్కు దగ్గర గాలి తగులుతోందా, ఊపిరి కష్టమవుతోందా, స్టెతస్కోప్ మెడ మీద పెడితే ఈల లాంటి చప్పుడు వస్తోందా అని చూశారు. మధ్యమధ్యలో ఆక్సిజన్ రీడింగ్ చూస్తూనే ఉన్నారు.

"ఆ..." అన్నాడు నాన్న, బొంగురుగా. అమ్మ ఏడ్చేసింది.

గొంతు పలికిందంటే గాలి స్వరపేటిక దాటి పైకి వస్తోందన్నమాట. ఆ తర్వాతి మెట్టు స్పీకింగ్ వాల్వ్. గాలిని గొట్టంలోంచి లోపలికి రానిస్తుంది, బయటికి మాత్రం నోరు, ముక్కు నుంచే పంపిస్తుంది. బాగా పేరున్న అలాంటి వాల్వ్‌ని 1980ల్లో అమెరికాలో తయారుచేసింది డేవిడ్ మ్యూర్. కండరాల జబ్బుతో తనే వెంటిలేటర్ మీద బతికిన కుర్రాడు.

ఇదంతా చూసి పక్క బెడ్ అబ్బాయి వాళ్ల తాతగారి గొట్టానికి వేలు అడ్డం పెట్టబోయాడు. నర్సు పరుగున వచ్చి ఆపేసింది. ఆయన కఫ్ ఉబ్బి ఉంది. అప్పుడు మూత పెడితే గాలి ఆడటానికి ఇంకో దారే ఉండదు. వాల్వ్ పెట్టినా అంతే, లోపలికి వెళ్లిన గాలి బయటికి రాలేదు. ప్రాణం పోతుంది. అందుకే ఇది ఇంట్లోవాళ్లు చేసే పరీక్ష కాదు.

మాట వచ్చినంత మాత్రాన గొట్టం తీసేయరు కూడా. దగ్గు బలంగా ఉండాలి, ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి జారకూడదు. అనుమానముంటే కెమెరా తప్పదు. నాన్నకీ చివర్లో ఒకసారి చేశారు. అప్పటికి అమ్మకి భయం పోయింది.

మీవాళ్లెవరైనా ఈ స్థితిలో ఉంటే డాక్టర్‌ని ఈ మూడూ అడగండి: కఫ్ గాలి తీసి చూశారా? గాలి పైకి వస్తోందా? దగ్గు ఎలా ఉంది?