మా అన్న అరబ్బీ

2013లో సౌదీలో నితాఖత్ గట్టిగ అమలు చేసినప్పుడు మా అన్న రియాద్ నుంచి వాపసు వచ్చిండు. ఐదేండ్లు బిల్డింగుల పని చేసినోని సంచిలో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, మడతలు పెట్టిన ఒక అరబ్బీ కాగితం ఉన్నయి. కాగితం కింద అన్న వేలిముద్ర. ఆర్నెల్ల జీతం రాలేదు.

"డిగ్రీ సదివినవు గదా, ఏమున్నదో సదువు కొడుకా" అని అమ్మ ఆ కాగితం నా చేతిలో పెట్టింది. అప్పటికి నేను బి.ఎడ్. పాసైన. మా ఇంటి వంశంలో కాలేజీ గడప తొక్కినోన్ని నేనే మొదలు. వాడ వాడంతా నా మొఖం చూస్తున్నది. ఆ కాగితం తలకిందులుగ పట్టుకున్ననో, సక్కగ పట్టుకున్ననో గూడ నాకు తెల్వలేదు. అన్నకు అరబ్బీ వచ్చు, చదువు రాదు. నాకు చదువు వచ్చు, అరబ్బీ రాదు.

మా పాలమూరోళ్ళకు వలస కొత్త గాదు. మా తాత నాగార్జునసాగర్ కట్ట మీద రాళ్ళు మోసిండు. మా నాయన శ్రీశైలం కాడ కూలి చేసిండు. గల్ఫుకు పోయేది ఎక్కువగ కరీంనగర్, నిజామాబాద్ దిక్కోళ్ళు. బల్మూర్ మాదిగవాడ నుంచి పోయింది మా అన్న ఒక్కడే. అడుగుదామంటే ఇంకొకరు లేరు.

ముందుగాల మసీదు కాడ పిల్లలకు ఖురాన్ చదివించే మౌల్విసాబ్ దగ్గరికి పోయిన. ఎక్కడ కూసోబెడతడో అని భయపడ్డ. చాప మీద తన పక్కకే కూసోబెట్టుకున్నడు. కుడి నుంచి ఎడమకు 28 అక్షరాలు ఆయన దగ్గరే దిద్దిన. ఒక్కో అక్షరం మాట మొదట్లో ఒక తీరు, నడుమ ఒక తీరు, చివర ఒక తీరు. కాగితం చూపిస్తే ఆయన తల ఊపిండు. "దీనికి జేర్, జబర్ లేవు బేటా. నేను చదివించేది అల్లా మాట. ఇది ఆఫీసు మాట" అన్నడు. ఖురాన్ ముద్రణలో అచ్చుల గుర్తులుంటయి. మామూలు కాగితాల మీద ఉండవు. మాట ముందే తెలిస్తేనే చదవగలం.

ఎండకాలం హైదరాబాద్ పోయిన. అరబ్బీకి ఆ పట్నం పాత చుట్టం. ఉస్మానియాలో, ఇఫ్లూలో అరబ్బీ శాఖలున్నయి. దాయిరతుల్ మఆరిఫ్ 1888 నుంచి పాత అరబ్బీ గ్రంథాలు అచ్చేసింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం ఫౌజులో చేరినోళ్ళ వారసులు బార్కాస్‌లో ఉన్నరు. అరబ్బీ చదివే ఒక విద్యార్థి పొద్దుమూకినంక నాకు పాఠం చెప్పిండు. అది ఫుస్హా. పేపర్లలో, వార్తల్లో, దస్తావేజుల్లో ఉండే అరబ్బీ. ఎవరి ఇంట్లోనూ మాట్లాడనిది.

ఇంటికొచ్చి అన్నను "కైఫ హాలుక" అని పలకరించిన. కడుపు పట్టుకొని నవ్విండు. "గది టీవీల మాట తమ్మీ. రియాద్‌ల 'ష్లోనక్' అంటరు."

అన్న చెప్పుకుంట పోయిండు. నాకు కావాలె అంటానికి పుస్తకంలో 'ఉరీదు'. రియాద్‌లో 'అబీ'. ఈజిప్టు మేస్త్రీ 'ఆయిజ్' అంటుండె. సిరియా డ్రైవరు 'బిద్దీ' అంటుండె. పుస్తకంలో 'ఖహ్వా' సౌదీలో 'గహ్వా', ఈజిప్టోని నోట్లో 'అహ్వా'. కూలోళ్ళతోని మాట్లాడేది ఇంకో అరబ్బీ: 'మాఫీ' అంటే లేదు, 'సవ్వీ' అంటే చెయ్యి, అంతే. పండితులు దానికి గల్ఫ్ పిడ్జిన్ అని పేరు పెట్టిండ్రు. మా తాతలకు దోసిట్లో పైనుంచి నీళ్ళు పోసినట్లు, మా అన్నకు భాష గూడ పైనుంచే పోసిండ్రు. అయినా వాడు ఆ దోసెడుతోని సరిపెట్టుకోలేదు. చెవి పెట్టి అసలు మాటలు ఏరుకున్నడు.

నేను చేసిన పని ఏందంటే, వాని మాటలను పుస్తకంతోని సరిచేసుడు. "అది తప్పు అన్నా, ఇట్లనాలె" అన్న. అన్న ఊకున్నడు. ఆ ఊకునుడు నాకు ఎరుకే. ఐదో తరగతిలో 'మా నాయన వచ్చిండు' అని రాస్తే సారు ఎర్ర సిరాతోని కొట్టేసి, 'వచ్చాడు' అని నాతోని యాభై సార్లు రాయించిండు. ఆ దినం నేను గూడ గట్లనే ఊకున్న. ఆ ఎర్ర పెన్ను ఇప్పుడు నా చేతికే వచ్చింది.

ఆఖరికి ఒక రాత్రి ఆ కాగితం కూడబలుక్కున్న. 'హుకూకీ' అనే మాట కాడ ఆగిన. నా హక్కులు అని అర్థం. నా హక్కులన్నీ ముట్టినయి, ఇగ ఏ దావా లేదు అని రాసి ఉన్నది. అన్నకు చదివి చెప్పిన. చాలాసేపు మాట్లాడలేదు.

"ఆ దినం ఆఫీసుల నేను ఒర్రింది గదే తమ్మీ. 'హగ్గీ, హగ్గీ' అని. నాది, నాకు రావాల్సింది అని. వాళ్ళు ఈ కాగితం తెచ్చి వేలు పెట్టుమన్నరు. జీతం ఇస్తరనుకున్న."

పుస్తకంలో 'హఖ్', రియాద్‌లో 'హగ్', మా నోట్లో హక్కు. ఉర్దూ మీంచి మా దాకా వచ్చిన అరబ్బీ మాటే అది. అంబేద్కర్ జయంతి సభల్లో మేము గొంతు చించుకొని పలికే మాట. అన్న నోటితోని అడిగిందీ ఆ మాటే, వాని వేలిముద్ర పోగొట్టిందీ ఆ మాటే. ఆ పైసలు రాలేదు.

ఇప్పుడు మా దిక్కు నుంచి ఎవరన్న గల్ఫుకు పోతున్నరంటే మా ఇంటికి వస్తరు. ఒక్క మంచం మీదనే కూసుంటం. అన్న నోటి అరబ్బీ చెప్తడు. నేను కాగితం అరబ్బీ చెప్త: రాతిబ్ అంటే జీతం, అఖ్ద్ అంటే ఒప్పందం, హుకూక్ అంటే హక్కులు. బడిలో పిల్లలు 'వచ్చిండు' అని రాస్తే నేను కొట్టెయ్య. పక్కన 'వచ్చాడు' అని గూడ రాయిస్త. రెండూ రావాలె.